మెర్సిలెస్‌కి సొంత వాక్యం

చోడవరం,
12 జూన్ 2024.

చిరంజీవి ఝాన్సీకి,

పెదనాన్న ఆశీస్సులు. నాలుగుసార్లు ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. "స్కూళ్ళు తెరుస్తన్నారు కదా, గుంటకి తీరికుండదు" అని మీ పెద్దమ్మ నీ తరఫున సర్దిచెప్పింది. ఉత్తరమైతే చదవకుండా పారెయ్యవు గదా అని ఇలా రాస్తున్నాను.

శుభవార్త. మీ తొంభై ఆరు టెన్త్ బ్యాచ్ వాళ్ళు నాకు సన్మానం తలపెట్టారు. ఆగస్టు పదకొండు, ఆదివారం, ఇక్కడే కళ్యాణ మండపంలో. అంతా సత్యారావు పూనిక మీద జరుగుతోంది. వెనక బెంచీ సత్యారావే, ఇప్పుడు అనకాపల్లిలో లేఅవుట్లు వేస్తున్నాడు. విశాఖలో పెద్దపెద్ద వాళ్ళు అతని మాట వింటారు. చిన్న సంచిక కూడా వేస్తారట. అందులో నీ వ్యాసం ఉండాలని నేనే అడిగాను. నా శిష్యురాలివి, నా తమ్ముడి కూతురివి, నాలాగే ఇంగ్లీషు చెబుతున్నదానివి. నీకంటే ఎవరు రాస్తారు?

నా పద్ధతి గురించి రాయి. రోజుకొక అర్థం తీసుకుని, దానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలుంటే అన్నీ బోర్డు మీద రాసేవాణ్ణి. దయలేనితనానికి ఏడు రాశాను, గుర్తుందా? క్రూయల్, బ్రూటల్, హార్ట్‌లెస్, రూత్‌లెస్, మెర్సిలెస్, కాలస్, ఇన్‌హ్యూమన్. మనం "కసాయోడు" అని ఒక్క ముక్కతో సరిపెట్టుకుంటాం. వాళ్ళు రకరకాలుగా విడదీసి పెట్టుకున్నారు. కాలస్ అంటే కాయ కాసిన చర్మం అని చెప్పడానికి, చెరుకు కొట్టే ఒకాయన్ని క్లాసులోకి పిలిచి మీ అందరికీ అరచేయి తాకి చూపించాను. మాట మరిచిపోతే మాటకొక దెబ్బ, చింతబరికెతో. అందుకే మీకెవరికీ ఈనాటికీ ఒక్క స్పెల్లింగు తప్పదు.

మీ పెద్దమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. వాన ఒకటి పడి ఊరుకుంది. వ్యాసం నెలాఖరులోగా పంపు.

గణపతిరావు


గాజువాక,
27 జూన్ 2024.

పెదనాన్నగారికి నమస్కారాలు.

ఫోన్ ఎత్తనందుకు కోప్పడకండి. నాకు నలభై మూడేళ్ళొచ్చాయి. ఇప్పటికీ మీ గొంతు వింటే నాలుక పిడచకట్టుకుపోతుంది. కాగితం మీదైతే మాట వస్తోంది. కనుక నేనూ ఉత్తరమే రాస్తున్నాను.

వ్యాసం రాయలేను. తీరిక లేక కాదు.

ఈ నెల పంతొమ్మిదిన తొమ్మిదో తరగతిలో చిన్నారి అనే పిల్లని స్టీలు స్కేలుతో కొట్టాను. కుడిచేతి ఉంగరం వేలు ఎముక విరిగింది. వాళ్ళది వడ్డాది. తండ్రి ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. ఆయన ఫిర్యాదు ఇస్తే స్కూలువాళ్ళు నాకు మెమో ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది. క్రూయల్, మెర్సిలెస్, ఇన్‌హ్యూమన్ అని మూడు మాటలు వరసగా ఒకే వాక్యంలో పెట్టారు. చదివినప్పుడు నేను ముందు ఏం చూశానో చెప్పనా? స్పెల్లింగులు సరిగ్గా ఉన్నాయా అని చూశాను. అవి నా గురించి రాసినవని ఆ తర్వాతే తట్టింది.

మీరు రూత్‌లెస్ చెప్పిన రోజు గుర్తొచ్చింది. రూత్ అంటే జాలి, ఆ మాట ఇంగ్లీషువాళ్ళ వాడుకలోంచి పోయింది, జాలి లేదని చెప్పే మాట మాత్రం మిగిలింది అన్నారు. క్లాసంతా నవ్వాం. అందులో నవ్వడానికి ఏముందో ఇప్పుడు తెలియడం లేదు.

జూలై పదిలోగా మెమోకి జవాబివ్వాలి. ఏం రాయాలో తోచడం లేదు.

పెద్దమ్మకి నా నమస్కారాలు చెప్పండి. మోకాళ్ళకి ఉప్పు కాపడం పెట్టుకోమనండి.

ఝాన్సీ


చోడవరం,
2 జూలై 2024.

చిరంజీవి ఝాన్సీకి ఆశీస్సులు.

ఇంతేనా! నీ ఉత్తరం చూసి ఏదో జబ్బు చేసిందేమోనని హడలిపోయాను. ఏం రాయాలో తోచడం లేదన్నావు. అడగడానికి ఇంత మొహమాటమెందుకమ్మా? జవాబు నేనే రాసి ఇందులో పెట్టాను, సంతకం చేసి ఇచ్చెయ్యి.

మాటల విషయంలో జాగ్రత్త. వాళ్ళు క్రూయల్ అన్నారని నువ్వు "నేను క్రూయల్‌ని కాను" అని రాయకూడదు. కాదన్నా ఆ మాట నీ కాగితంలోకి వచ్చి కూర్చుంటుంది. స్ట్రిక్ట్ అని రాయి. బీటింగ్ వద్దు, కరెక్షన్ అని రాయి. వేలు విరగడం అనవద్దు, దురదృష్టవశాత్తు తగిలిన దెబ్బ అను. నలభై ఏళ్ళు ఇంగ్లీషుతో బతికినవాణ్ణి, ఏ మాటకి ఎంత బరువుందో నాకు తెలుసు.

సత్యారావుతో కూడా చెప్పాను. మీ స్కూలు యాజమాన్యంలో ఒకాయన అతనికి బాగా తెలుసట. "మేష్టారింటి గుంటకి మాట రానిస్తానా సార్, నాకొదిలెయ్యండి" అన్నాడు. ఇక నిశ్చింతగా ఉండు.

ఈ కాలం తల్లిదండ్రులకి వేలు గీసుకున్నా ఫిర్యాదే. ముప్ఫై ఎనిమిదేళ్ళు బరికె పట్టుకుని తిరిగాను. నా చేతికింద ఎవరికైనా వేలు విరిగిందా? ఒక్కణ్ణి చూపించు.

వ్యాసానికి ఇంకా గడువుంది.

గణపతిరావు


గాజువాక,
8 జూలై 2024.

పెదనాన్నగారికి,

ఒక్కణ్ణి చూపించమన్నారు. మీ కళ్ళ ముందే తిరుగుతున్నాడు. వాడికి పోయింది వేలు కాదు, చెవి.

నా తమ్ముడు ఉమామహేష్. ఎనిమిదో తరగతి. మీరు ఆ ఏడు మాటలూ రాసి, ఒక్కొక్కరినీ లేపి సొంత వాక్యం చెప్పమన్నారు. వాడికి మెర్సిలెస్ వచ్చింది. వాడు లేచి "మై పెదనాన్న ఈజ్ మెర్సిలెస్" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. బరికె దూరంగా బల్ల మీద ఉంది కాబట్టి మీరు చేత్తోనే కొట్టారు, ఎడమ చెంప మీద. వాడు బెంచీకి కొట్టుకుని కిందపడ్డాడు. ఇది మీకు గుర్తుండకపోవచ్చు. ఇంటర్‌వెల్‌లో వాడి చొక్కా కాలర్ మీద రక్తం చూసింది నేను.

విశాఖ పెద్దాసుపత్రిలో చెవిలో పొర చిరిగిందన్నారు. ఆ తర్వాత చీము పట్టింది. ఆర్నెల్లకి ఆ చెవి పూర్తిగా పోయింది. మీతో మాత్రం కాలవలో ఈతకెళ్తే నీళ్ళు పోయాయని చెప్పాం. చెప్పించింది నాన్న. "అన్నయ్యకి తెలిస్తే గుండాగిపోద్ది. ఈ ఇంట్లో ఎవులూ నోరిప్పడానికి లేదు" అన్నాడు. పోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు.

వాడు టెన్త్ మధ్యలో ఆపేశాడు. వెనక బెంచీలోంచి వినపడేది కాదు, ముందుకొచ్చి కూర్చోవడానికి భయం. ఇప్పుడు చోడవరం, రావికమతం మధ్య సర్వీసు ఆటో తోలుకుంటున్నాడు. బజారులో పిలిస్తే పలకడని, పొగరని మీరు అందరితో అంటుంటారు. పెదనాన్నా, మీరు ఎడమ పక్కనుంచి పిలిచి ఉంటారు.

మీరు రాసిచ్చిన జవాబు నేను ఇవ్వడం లేదు.

ఝాన్సీ


చోడవరం,
13 జూలై 2024.

ఝాన్సీకి,

నా తమ్ముడు జగ్గారావు నాతో జీవితంలో ఒక్క అబద్ధం ఆడలేదు. చనిపోయినవాడి నోట్లో మాటలు పెట్టకు.

చెంపదెబ్బ కొట్టి ఉండవచ్చు. కొట్టని రోజేది? ఆ రోజుల్లో పిల్లల చెవుల్లో చీము ఎంతమందికి పట్టలేదు? దానికి ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత నా పేరు పెడుతున్నావు. అదీ సన్మానం నెల రోజులుందనగా.

నువ్వెందుకు రాస్తున్నావో నాకు తెలియకపోలేదు. నీ తప్పు నా నెత్తిన పెడితే నీకు బరువు తగ్గుతుంది. ఆ పిల్ల వేలు విరగ్గొట్టింది నేనా? స్కేలు నా చేతిలో ఉందా? నీకు కొట్టడం నేర్పలేదు, ఇంగ్లీషు నేర్పాను.

అయినా నేను నీకు చేయవలసింది చేశాను. ఆ పిల్ల తండ్రి ఒప్పుకున్నాడని సత్యారావు నిన్న ఫోన్ చేశాడు. కాగితం వెనక్కి తీసుకుంటున్నాడట. కృతజ్ఞత ఆశించను.

గణపతిరావు


గాజువాక,
21 జూలై 2024.

పెదనాన్నగారికి,

ఆ తండ్రిని ఎలా ఒప్పించారో సత్యారావు మీకు చెప్పాడా?

ఫ్యాక్టరీ కాంట్రాక్టరుతో చెప్పించాడు. ఇద్దరు మనుషులు కారులో వాళ్ళ గదికి వెళ్ళి, "కాయితం ఎనక్కి తీసుకుంటే సరి, లేకపోతే రేపటినుంచి గేటు లోపలికి రానక్కర్లేదు" అన్నారట. ఆయన సంతకం పెట్టేశాడు. మర్నాడే పిల్లని బడి మాన్పించి వడ్డాదిలో అమ్మమ్మ దగ్గరికి పంపేశాడు. ఈ సంగతి వాళ్ళ పక్క గదిలో ఉండే మా స్కూలు ఆయా చెప్పింది. చెబుతూ నా మొహం వంక చూడలేదు. అదంతా నేనే చేయించానని ఆవిడ నమ్మకం. అందరిదీ అదే నమ్మకం.

మీరొక మాట నిజమే రాశారు. స్కేలు మీ చేతిలో లేదు. నేను మీ మీద నెట్టడం లేదు, పెదనాన్నా. ఆ రోజు ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను. ఆ పిల్లని ఒక ఇంగ్లీషు పద్యం అప్పజెప్పమన్నాను. నోరు విప్పలేదు. మూడుసార్లు అడిగాను. భయపడి నిలబడిపోయిందని నాకు తెలుసు. నేనూ అలా నిలబడినదాన్నే కదా, బాగా తెలుసు. తెలిసే కొట్టాను. మొదటి దెబ్బ కోపంతో. రెండో దెబ్బకి కోపం లేదు, హాయిగా అనిపించింది. మూడోదానికి వేలు విరిగింది. ఇంగ్లీషులో దీనికి మాట ఉందేమో మీకే తెలియాలి. నా దగ్గరున్న ఏడింటిలో లేదు.

తొమ్మిదో తారీకున మెమోకి జవాబిచ్చాను. "నేను కొట్టాను, మీరు రాసిన మాటలన్నీ నిజం" అని రాశాను. మొన్న ప్రిన్సిపల్ పిలిచి ఆ కాగితం తిరిగి ఇచ్చేశారు. "ఫిర్యాదే లేదు కదా మేడమ్, దీన్ని చింపేయండి" అన్నారు. చింపలేదు. విద్యాశాఖ ఆఫీసుకి పంపాను.

మీరు నాకు సాయమే చేద్దామనుకున్నారని తెలుసు. ఇక చేయకండి.

ఝాన్సీ


చోడవరం,
1 ఆగస్టు 2024.

అమ్మా ఝాన్సీ,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. సత్యారావుని అడిగాను. "సార్, ఒక్క మాట సెప్పమన్నారు, సెప్పించేను. ఆ ఒక్క మాట ఎలా సెప్తారని మీరడగలేదు" అన్నాడు. నిజమే, అడగలేదు.

నిన్న ఆటో స్టాండుకి వెళ్ళాను. నువ్వు రాసినది అబద్ధమని తేల్చుకోవడానికే వెళ్ళాను, దాచడమెందుకు. ఉమామహేష్ బండి దగ్గర నిలబడి అద్దం తుడుస్తున్నాడు. ఎడమ పక్కకి వెళ్ళి నాలుగడుగుల దూరం నుంచి పేరు పెట్టి పిలిచాను. మూడుసార్లు. స్టాండులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. వాడు చూడలేదు. పక్క బండివాడు భుజం తట్టి "ఒరే, మేష్టారు" అన్నాక తిరిగాడు.

"ఏటి పెదనాన్నా, ఊరికెల్తావా? ఎక్కు" అన్నాడు.

ఎక్కాను. రావికమతం దాకా బండి నిండా జనం. దారిపొడుగునా వాడి వీపు చూస్తూ కూర్చున్నాను. వెనకాల ఎవరు ఏం అడిగినా మెడ కుడివైపు తిప్పి వింటున్నాడు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆ బండి ఎక్కానో, అది గమనించనేలేదు.

అక్కడ మీ ఇంటి ముందు దిగాను. మీ అమ్మ మహాలక్ష్మమ్మ వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. అడిగాను. చేతిలో పని ఆపలేదు. "ఆరు నెల్లు ఆసుపత్రి సుట్టూ తిరిగేం బావగారూ. గుంటడు బళ్ళోకి రాటం లేదేటని మీరొక్క రోజు అడగలేదు. అడుగుంటే సెప్పీదాన్నేమో. ఆయనకి మీరంటే దేముడు. నాకు కాదు" అంది. నలభై ఐదేళ్ళుగా ఆవిడ నాతో ఇన్ని మాటలు మాట్లాడడం ఇదే మొదలు.

బయటికి వచ్చి, ఈసారి కుడి పక్కన నిలబడి ఉమాని అడిగాను. "ఒరే, ఆ రోజు క్లాసులో ఆ వాక్యం నన్ను వేళాకోళం చెయ్యడానికే అన్నావా?"

"లేదు పెదనాన్నా. తప్పు సెప్తే కొడతావని బయం. ఆ మాటకి సరిపోయినోడు ఎవుడా అని ఎతికేను. నాకు తెలిసినోళ్ళలో నువ్వే తగిలేవు. ఒప్పే కదా అది?"

"ఒప్పే" అన్నాను. తిరుగు ప్రయాణంలో డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

సన్మానం రోజున మైకు ముందు ఇదంతా చెబుతాను. మానెయ్యమని మీ పెద్దమ్మ ఏడుస్తోంది. నువ్వు రావాలి. అడిగే హక్కు లేదు, తెలుసు.

గణపతిరావు


గాజువాక,
7 ఆగస్టు 2024.

పెదనాన్నగారికి,

నేను రాలేను. మీ మీద కోపంతో కాదు, ఆ హాల్లో కూర్చోలేను.

ఆదివారం వడ్డాది వెళ్ళాను. సంత లేని రోజు, ఊరు బోసిగా ఉంది. చిన్నారి వాళ్ళ అమ్మమ్మ పేరు సన్యాసమ్మ. గుమ్మంలోనే నన్ను ఆపేసింది. పిల్ల లోపల తలుపు పక్కన నిలబడి ఉంది. కట్టు విప్పారు, వేలు వంకరగా అతుక్కుంది. నన్ను చూసి ఆ చేతిని వెనక్కి దాచుకుంది. "తప్పు చేశాను, క్షమించు" అని చెప్పాను. అది అమ్మమ్మ మొహం వంక చూసింది, ఏమనాలి అన్నట్టు.

సన్యాసమ్మ నాకు చేతులు జోడించింది. "అమ్మా, మీకో దండం. మీరింక రాకండి. మీరొచ్చినట్టు ఆ కారోళ్ళకి తెలిస్తే మళ్ళీ ఏటి గొడవో. మా అల్లుడు ఆ గేటు పని మీదే పేణం పెట్టుకున్నాడు. గుంట సదువంటారా, ఇక్కడేదో సర్కారు బళ్ళో ఎయ్యాలి. ఎల్తానంటం లేదు. బలవంతం సెయ్యను" అంది.

కొట్టింది నేనైతే ఆవిడ నాకు దండం పెట్టింది, పెదనాన్నా.

నిన్న స్కూలువాళ్ళు నన్ను తీసేశారు. కొట్టినందుకు కాదు, కొట్టానని పై ఆఫీసుకి రాసినందుకు. స్కూలు పరువు తీశానట. ఆ కాగితంలో క్రూయల్, మెర్సిలెస్ లాంటి మాటలేవీ లేవు. చాలా మర్యాదగా రాశారు.

మీరు మైకులో చెబుతానన్నారు. చెప్పండి. కానీ ముందు ఉమాని అడగండి. వాడి చెవి గురించి వాడిని అడగకుండా మళ్ళీ మీరే మాట్లాడటం న్యాయం కాదు.

ఝాన్సీ


చోడవరం,
12 ఆగస్టు 2024.

అమ్మా ఝాన్సీ,

నీ ఉత్తరం శనివారం అందింది. వెంటనే ఉమాకి ఫోన్ చేశాను. "సెప్పుకో పెదనాన్నా, దాందేటుంది. నేను లోపలికి రాను. పెద్దమ్మని దింపి మళ్ళీ తీసుకెల్తాను" అన్నాడు.

నిన్న హాలు నిండిపోయింది. రెండువందల మంది ఉంటారు. కొందరు విశాఖ నుంచి, ఒకడు హైదరాబాదు నుంచి వచ్చాడు. అందరూ బరికె దెబ్బల గురించే మాట్లాడారు. ఒకడు అరచేయి చాపి "ఈ గీత సార్ గీసిందే" అన్నాడు. నాలుగో వరసలో ఒకామె మాత్రం తల వంచుకుని కూర్చుంది, మొదటినుంచి చివరిదాకా ఎత్తలేదు. ఎవరో గుర్తుపట్టలేకపోయాను.

నా వంతు వచ్చింది. రాసుకున్న కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. "ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి కొట్టి చెవుడు తెప్పించాను. వాడు నా తమ్ముడి కొడుకు" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను హాస్యానికి అంటున్నానని అనుకున్నారు. "నేను మెర్సిలెస్" అన్నాను, గట్టిగా. వెనకనుంచి ఎవడో "స్పెల్లింగ్ సార్!" అని అరిచాడు. అంతే. హాలు హాలంతా ఒక్క గొంతుతో ఎమ్, ఈ, ఆర్, సీ అంటూ అందుకున్నారు. మధ్యవయసు వాళ్ళు, బట్టతలల వాళ్ళు, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళు. ఒక్క అక్షరం తప్పలేదు. అయిపోగానే చప్పట్లు.

సత్యారావు నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "సూసేరా, సార్ ఎంత గొప్పోరో! మమ్మల్ని మనుషుల్ని సేసి, మళ్ళీ తనే తప్పు సేసేనంటన్నారు. ఆ దెబ్బల్లేకపోతే ఈయేళ మేమిక్కడుందుమా?" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. నా చేతిలో కాగితం ఇంకా ఒక పేజీ ఉంది.

సభ అయ్యాక బయటికి వచ్చాను. ఉమా బండి దగ్గర నిలబడి ఉన్నాడు. మీ పెద్దమ్మ అప్పటికే ఎక్కి కూర్చుంది.

"సెప్పేవా?" అన్నాడు.

"చెప్పానురా."

"మరి లోపల అలా నవ్వేరేటి?"

వాడు నా భుజాల వంక చూశాడు.

"మరి నువ్వేటి సేసేవు?"

"శాలువా కప్పించుకున్నాను" అన్నాను.

వాడు తల ఊపాడు, ఎవరో దిగాల్సిన ఊరి పేరు చెబితే ఊపినట్టు. "ఎక్కు" అన్నాడు. ఎక్కలేదు. బండి వెళ్ళిపోయింది. శాలువా తీసి చంకలో పెట్టుకుని మెయిన్ రోడ్డు మీదుగా ఇంటికి నడిచాను. దారిలో కనిపించిన ప్రతివాడూ పక్కకి తప్పుకుని నమస్కారం పెట్టాడు.

గణపతిరావు